అష్టమి నాడు ప్లగ్గు తీసిన మనిషి

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్లే ఆవిడ. దసరా నవరాత్రుల్లో ఆరో రోజు. పొద్దున తొమ్మిది దాటి ఉంటుంది, నేను వంటింట్లో నైవేద్యానికి పులిహోర కలుపుతున్నాను. ఆవిడ తుడుపుకర్ర గోడకి ఆనించి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, దేవునర్రల సారు పెట్టె ఉబ్బింది. బట్ట కింద మూత పైకి లేసింది. జర వచ్చి సూడుండ్రి."

"నువ్వు లోపలికెళ్లావా?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. పెట్టె అంటే మా ఆయన లాప్‌టాప్, అది ఉన్నది మా దేవుడి గదిలో.

"పోలేదమ్మా. గడప కాడ నిలబడే సూశిన. వాసన గూడ వస్తున్నది, గోళ్ల రంగు లెక్క."

"సాంబ్రాణి వాసనలే. దాని జోలికి వెళ్లకు," అన్నాను. మళ్లీ పులిహోర కలుపుకున్నాను.

ఆ కబురు తెచ్చినందుకూ, రెండు రోజుల తర్వాత తను చేసిన పనికీ కలిపి ఆవిడకి మా టవర్లలో ఉన్న ఐదిళ్ల పనీ పోయింది. ఆవిడ చేసిన పనివల్లే మా ఇల్లు కాలకుండా నిలబడింది. ఇది రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. సిగ్గు ఒక కారణం. రెండో కారణం మా ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం తెచ్చిన బియ్యమే నేను ఇవాళా వండాను కాబట్టి, నన్ను నేను వెనకేసుకు రాను.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు గుండె నీరసమని డాక్టరు గారు అంటే మా అమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పింది. అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు అన్నీ ఆవిడ దగ్గరే. రోజూ పడుకోబోయే ముందు పలక మీద ఒక్క వాక్యం రాయించేది, ఈ వేళ ఎవరివల్ల నీకేం అందిందో రాయమని. "అన్నం తిని చెయ్యి కడుక్కున్నంత తేలిగ్గా మేలు మర్చిపోకూడదమ్మా," అనేది. పలక పోయి నోటుబుక్కు వచ్చింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. గోదావరి పక్క ఊరి నుంచి పెళ్లయి వచ్చి, ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లలో తిరిగి, చివరికి పుప్పాలగూడలో ఈ పదకొండో అంతస్తు ఫ్లాటు కొనుక్కున్న రోజు కూడా ఒక్క వాక్యమే రాశాను.

మా ఆయన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో చేస్తారు. వయసు యాభై దాటింది. ఆయన మీద మేనేజరు మా తమ్ముడి కంటే చిన్నవాడు. ఆ ఏడు మనుషుల్ని తీసేస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఆయన అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేవారు. చివరికి ఒక పని అప్పజెప్పారట. ఎవరో పాత ఖాతాదారు కాగితాలన్నీ కంప్యూటర్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాలి. అది తొమ్మిది పది రోజులు ఆగకుండా నడవాలి, మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి. "ఇది సరిగ్గా అయితే చూద్దాం," అన్నాడట మేనేజరు.

ఆఫీసులో ఇప్పుడు ఎవరికీ సొంత కుర్చీ లేదట, రోజుకో చోట కూర్చోవాలి. అందుకని కంపెనీ పాత లాప్‌టాప్ ఇంట్లో పెట్టి నడిపిస్తానన్నారు. కరెంటు పోయినా ఆగకూడదు. మా ఇంట్లో ఇన్వర్టర్‌కి కలిపిన ప్లగ్గు దేవుడి గదిలో ఒక్కటే ఉంది, అమ్మవారి ముందు బల్బు ఆరకూడదని నేనే పట్టుబట్టి పెట్టించాను. అలా పీట మీద అమ్మవారు, కింద నా అఖండ దీపం, పక్క పీట మీద ఆయన లాప్‌టాప్.

"నీ దీపంలాగే అనుకో," అన్నారు ఆయన మూత మూసి. "మూసినా లోపల నడుస్తూనే ఉంటుంది. తొమ్మిది రోజులు కొండెక్కకుండా చూసుకో."

ఆ ఏడాది దీపం మొక్కుకున్నదే ఆయన ఉద్యోగం కోసం. రెండూ ఒకటే మొక్కు అనిపించింది. దీపానికి చేసేదల్లా దానికీ చేశాను. గాలి తగలకూడదని హాల్లో ఫ్యాను వెయ్యడం మానేశాను. దేవుడి గదికి కిటికీ లేదు, పైన గాలిగొట్టం ఉంటే దానికి గుడ్డ కుక్కాను. తలుపు ఓరగా వేసి ఉంచాను. విబూది, సాంబ్రాణి పొడి పడుతుందని లాప్‌టాప్ మీద పాత పట్టు కండువా నాలుగు మడతలు పెట్టి కప్పాను. లోపల ఏదో గుయ్యిమని తిరుగుతుంటే, నేను లలిత చదువుకుంటున్నప్పుడు శ్రుతిపెట్టెలా తోడుందని సంతోషించాను కూడా. ఆయన చూసి, "బాగా చూసుకుంటున్నావ్," అన్నారు. ముప్ఫై ఏళ్లు కంప్యూటర్లతో బతికిన మనిషి ఆ మాట అన్నారు.

ఆరో రోజు ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఉబ్బిన సంగతి చెప్పాను. కండువా తీసి చూశారు. "పాతది కదా, వేడికి ప్లాస్టిక్ లేస్తుంది. ఇంకో నాలుగు రోజులు, కదపకు," అని పక్కనున్న లావుపాటి పూజా పుస్తకం తీసి మూత నొక్కుకునేలా దాని మీద పెట్టారు.

మర్నాడు పనావిడ వచ్చి గడప దగ్గర్నుంచి తొంగి చూసింది.

"ఉబ్బిన దాని మీద బరువు పెట్టిన్రా! ఎవరమ్మా పెట్టింది?"

"సారే."

"సారు ఏం సదివిండు?"

"ఇంజనీరింగ్."

"గందుకే," అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "నవ్వకుండ్రి. మేం ముందుగాల కొత్తగూడల బిల్డింగు పని కాడ రేకుల షెడ్డుల ఉంటిమి. ఒక్క బోర్డుకు ఇరవై ఫోన్లు పెడుతుండె. ఒకని ఫోను గిట్లనే కడుపు ఉబ్బి, గిదే వాసనొచ్చి బుస్సుమన్నది. సాప కాలింది, సాప మీద పండుకున్నోని వీపు కాలింది. సారుకు జర గట్టిగ జెప్పుండ్రి."

చెప్తానన్నాను, చెప్పలేదు. ఆయన చిరాకు పడతారని కాదు. తొమ్మిది రోజుల దీక్షలో ఏడో రోజున, ఏదో అవుతుందన్న మాట నోట అనడమే అపశకునం అనుకున్నాను. నా భక్తి అప్పట్లో అంతదాకా వెళ్లింది.

అష్టమి నాడు కింద క్లబ్‌హౌస్‌లో సామూహిక కుంకుమ పూజ. అందరూ రమ్మన్నారు. అఖండ దీపం ఉన్న ఇల్లు ఖాళీగా వదలకూడదు. ఆయన ఆఫీసులో ఉన్నారు. పనావిడని అడిగాను.

"ఒక్క గంట కూర్చోమ్మా. ఇంట్లో మనిషి ఉండాలి అంతే. గడప మాత్రం దాటకు."

"నేను కూసుంటే మీ దీపానికి మంచిగనే ఉంటదా?" అంది, కొంగు నడుముకి దోపుకుంటూ. అది వెటకారమో మామూలు మాటో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

నేను కుంకుమ పళ్లెం పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్, గోళ్ల రంగు కంపు. గిన్నెలు తోముకునే బాల్కనీలో గచ్చు మీద నా ఇనప బాండీ, అందులో లాప్‌టాప్, నడిమికి వంగిపోయి, ఒక పక్క నల్లగా మాడి ఉంది. ఆవిడ దేవుడి గది గడప పక్కన కూర్చుని ఉంది. కుడి చెయ్యి తడి మసిగుడ్డలో చుట్టుకుంది.

"పొగొచ్చిందమ్మా. ప్లగ్గు పీకి అవుతల పెట్టిన," అంది.

నేను లోపలికి చూశాను. దీపం వెలుగుతోంది.

"దీపాన్ని ముట్టుకున్నావా?" అని అడిగాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "లేదమ్మా," అంది.

గడప దాటొద్దన్నానుగా, అని కూడా అన్నాను. ఇవన్నీ రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఇంక రాయడం దేనికి?

ఆయనకి ఫోన్ చేశాను. గంటలో వచ్చారు. బాండీలో ఉన్నదాన్ని చూసి తల పట్టుకుని గచ్చు మీద కూలబడ్డారు. పాపం, ఆ క్షణంలో ఆయనకి కనిపించింది కాలిన లాప్‌టాప్ కాదు, పోయిన ఉద్యోగం. లేచి ఆవిడ మీద పడ్డారు. "నడుస్తున్నదాని ప్లగ్గు పీకితే షార్ట్ అవదా? ఎవరు పీకమన్నారు నిన్ను? నీకేం తెలుసని పీకావ్?"

"సారూ, ముందుగాల పొగొచ్చింది, తర్వాతనే పీకిన..."

"నోర్ముయ్!"

ఆవిడ నావైపు చూసింది. ఆరో రోజు వచ్చి చెప్పింది, ఏడో రోజు చెప్పింది, ఆ రెండు సార్లూ విన్నది నేనే. ఆవిడ ముందే హెచ్చరించిందని నేను ఆయనకి చెప్పలేదు.

మా టవర్లకి గేటు దగ్గర ఫోన్లో నడిచే ఆప్ ఒకటి ఉంది. పనివాళ్లందరి ఫోటోలూ అందులో ఉంటాయి. ఎవరైనా ఫిర్యాదు పెడితే ఫోటో పక్కన ఎర్ర గుర్తు పడుతుంది, గేటు తెరుచుకోదు. "ఆఫీసు లాప్‌టాప్ నాశనం చేసింది, చెప్పిన మాట వినదు, జాగ్రత్త," అని ఆయన ఆ సాయంత్రమే పెట్టారు. ఆవిడ చేసే మిగతా నాలుగిళ్ల వాళ్లూ ఏమైందని నన్ను ఒక్క మాట అడగలేదు. తెల్లారేసరికి అందరూ వేరే మనిషిని వెతుక్కుంటున్నారు.

నవమి నాడు ఆయుధ పూజ. ఆయన రోజూ ఆఫీసుకి పట్టుకెళ్లే కొత్త లాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి, బంతిపువ్వు పెట్టి దండం పెట్టుకున్నాం. నోటుబుక్కులో అష్టమి పేజీలో రాసుకున్నది ఇప్పటికీ ఉంది: "అమ్మవారి దయవల్ల దీపం కొండెక్కలేదు."

పండగ వెళ్లాక ఆయన కాలిన లాప్‌టాప్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లారు, ఉరికంబం ఎక్కబోయే మనిషిలా. వచ్చేటప్పుడు మాత్రం మిఠాయి పొట్లంతో వచ్చారు.

అక్కడ మెషీన్లు బాగుచేసే ఆయన దాన్ని విప్పి చూసి హడలిపోయాడట. రాత్రీ పగలూ ప్లగ్గులో ఉంచి, గాలాడకుండా మూసి పెడితే లోపల బ్యాటరీ దిండులా ఉబ్బుతుందట. దాని మీద బరువు పెట్టడం ఇంకా ఘోరమట. గాలాడని ఆ గదిలో అలాగే ఉండి ఉంటే, పక్కనే దీపం, నూనె, పత్తి, పట్టుబట్ట ఉన్నాయి కాబట్టి ఇల్లు మిగిలేది కాదన్నాడట. "సమయానికి ఎవరు తీశారో కానీ వాళ్లకి దండం పెట్టుకోండి సార్," అన్నాడట.

"మీరేమన్నారు?"

ఆయన మిఠాయి పొట్లం దారం విప్పుతున్నారు. "నేనే తీశానన్నాను."

పళ్లెం తేవడానికి లేచినదాన్ని ఆగిపోయాను.

"పనిమనిషి తీసిందని చెప్పమంటావా? కంపెనీ మెషీన్ బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదని సంతకం పెట్టాను. ఆ మాట అంటే అక్కడికక్కడే బయటికి పొమ్మంటారు."

"మరి ఆగిపోయిన ఆ పని?"

"అదా. వేరే చోట రెండు రోజుల్లో చేసేశారట."

ఎనిమిది రోజులు నేను ఫ్యాను వేసుకోకుండా చెమటలో కూర్చుని కాచిన పని అది.

వారం తర్వాత ఆయనకి ఒక మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. ప్రమాదాన్ని పసిగట్టి సమయస్ఫూర్తితో నివారించినందుకట. ఆఫీసులో గోడ మీది టీవీలో ఆయన ఫోటో రోజంతా తిరిగిందట. అలాంటి మనిషిని ఎలా తీసేస్తారు? ఉద్యోగం నిలిచింది. మా ఆడపడుచు ఫోన్ చేసి, "అంతా నీ దీపం మహిమ వదినా," అంది. టవర్లో ఆడవాళ్లు వచ్చే ఏడాది తామూ పెట్టుకుంటామన్నారు. అవునండీ, అమ్మవారి దయ, అన్నాను అందరితో. పుట్టి బుద్ధెరిగాక కృతజ్ఞత చెప్పుకోవడం నాకు చేదనిపించింది ఆ నెల్లోనే.

"ఆప్‌లో పెట్టింది తీసెయ్యండి," అని అడిగాను.

"తీస్తే ఎందుకు తీశారని అడుగుతారు. మా ఆఫీసు వాళ్లు ఇద్దరు ఈ టవర్లోనే ఉన్నారు. కొన్నాళ్లు పోనీ."

కొన్నాళ్లు పోయాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆవిడ పక్క ఊరివాడే. అతన్ని అడిగి ఇల్లు తెలుసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. మా టవర్లకి వెనకే, పాత ఊళ్లో, రేకులు వేసిన కిరాయి గది. పదకొండో అంతస్తు నుంచి ఆ రేకులు నాకు రోజూ కనిపిస్తాయి. ఆవిడ బయట కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కుడి అరచేతిలో చర్మం ముడుచుకుని నిగనిగలాడుతోంది.

"రాండ్రి అమ్మా. కూసోండ్రి," అని పీట వేసింది, ఏమీ జరగనట్టే.

ఇప్పుడు తెల్లాపూర్‌లో విల్లాల మధ్య రోడ్లు ఊడుస్తోందట. పొద్దున ఐదింటికే ఆటోలో తోలుకుపోతారట. "మంచిగనే ఉన్నది. ఇండ్లల్లకి పోవుడు లేదు. ఏ గడప దాటినవని అడిగెటోళ్లు లేరు," అంది.

నేను తీసుకెళ్లిన చీర ముందు పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"చీరెందుకమ్మా. ఆప్‌ల సారు పెట్టింది తీపియ్యుండ్రి. ఐదిండ్లు పక్కపక్కన ఉండె. ఒక్క మెట్టు దిగితె ఇంకో ఇల్లు. నా బిడ్డ బడి నుంచి వచ్చె యాల్లకు నేనింటికి వస్తుంటి."

ఆయన తియ్యడం లేదని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. పత్రం సంగతీ చెప్పాను. దాచడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆవిడ చింతపండు పక్కన పెట్టి గట్టిగా నవ్వింది. "సారుకు ఫోటో పెట్టిన్రా? నాకు గూడ పెట్టిన్రు గద, ఎర్ర గుర్తు పెట్టి!" నవ్వు ఆగాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సారు తిట్టినందుకు బాధ లేదమ్మా. భయపడ్డడు, తిట్టిండు. మీరు దీపం ముట్టినవా అన్నరు. చెయ్యి కాలిందా అనలే."

ఆవిడ చింతపండు మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"ఇంకోటి జెప్తా, కోపం జేయకుండ్రి. ఆ దినం అబద్ధమాడిన. దీపం ముట్టిన. పొగ పోవాలని తలుపులన్ని తెరిస్తి, గాలికి అది ఊగులాడుతున్నది. నూనె గూడ అడుగుకొచ్చె. మీరు సారు నౌకరి కోసం పెట్టుకున్న దీపమాయె. ఒక చెయ్యి కాలింది, గాలికి నేనే అడ్డం కూసొని, నోటితోని సీసా మూత దీసి, ఇంకో చెయ్యితోని నూనె పోసిన. చెప్తె మైల అంటరని చెప్పలే."

అమ్మవారి దయవల్ల దీపం కొండెక్కలేదు అని రాసుకున్నాను కదా. ఆ దయకి కాలిన చెయ్యి ఒకటి ఉందని, అది నా ఇంట్లో గిన్నెలు తోమిన చెయ్యేనని, నా పుస్తకంలో ఎక్కడా లేదు. అమ్మవారిని తప్పు పట్టను. ఆవిడ పంపాల్సిన మనిషిని సమయానికే పంపింది. నేనే ఆ మనిషిని గడప అవతల కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చి ఒక తెల్ల కాగితం మీద మా అమ్మ నేర్పిన గుండ్రటి అక్షరాలతో రాశాను. "మా ఇంట్లో పనిచేసిన ఆవిడ మీద ఆప్‌లో పెట్టింది నిజం కాదు. అష్టమి నాడు మా ఇల్లు కాలకుండా కాపాడింది ఆవిడే." కింద మా ఫ్లాటు నంబరు వేసి లిఫ్టులో అంటించాను. కూరలు కొనుక్కుని తిరిగి వచ్చేసరికి కాగితం లేదు. అసోసియేషన్ ముద్ర లేని కాగితాలు అంటించకూడదని సెక్యూరిటీ వాళ్లు తీసేశారట. ఈలోపు చూసినవాళ్లు చూశారు. నాలుగిళ్లలో ఒకావిడ తలుపు కొట్టి, "నిజమేనాండీ?" అని అడిగింది. నిజమేనన్నాను. "అయ్యో, మేం వేరే మనిషిని పెట్టుకున్నామే," అని వెళ్లిపోయింది.

ఆయనకీ తెలిసింది. "నన్ను రోడ్డున పడేద్దామనా?" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆప్‌లో ఎర్ర గుర్తు అలాగే ఉంది. ఆప్ ఆయన ఫోన్లో ఉంది, నాకు తెరవడం రాదు. నేర్చుకుంటున్నాను.

ఇది రాస్తానని ఆవిడకి ముందే చెప్పాను. "రాస్తె రాయిండ్రి గని పేరు మాత్రం రాయకుండ్రి. మళ్ల తెల్లాపూర్ ఆప్‌ల గూడ ఎక్కిస్తరు," అంది. అందుకే పేరు లేదు.

మీరు పొద్దుగూకాక దీపం పెట్టుకునేవాళ్లయితే, వత్తి వెలిగించి చేతులు జోడించేటప్పుడు మీ వాళ్లతో పాటు ఆవిడని కూడా ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. అష్టమి నాడు ముందు ప్లగ్గు తీసి, కాలిన చెయ్యి పక్కన పెట్టి, మా దీపంలో నూనె పోసిన మనిషి అనుకుంటే చాలు.